ముందుకు వాలిన చెట్టును వెనక నుంచి కోసుకుంటూ రాకండి

చంద్రగిరి దగ్గర మీ పొలం గట్టు మీది వేపచెట్టు వానలకు వాలిపోయిందనీ, వాలిన వైపే పడితే చాలనీ, కొత్తగా కొన్న చైన్ సాతో మీరే కోసుకోవచ్చా అనీ అడిగారు. పాకాల వైపు మా మామిడి తోటలోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ ఏళ్లుగా మిషన్ పట్టి కోస్తున్నాను కాబట్టి వివరంగానే చెబుతాను.

వాలిన వైపే పడుతుంది కదా, సులువే అనుకుంటారు చాలామంది. నిటారు చెట్టు కన్నా ఇదే ప్రాణం మీదికి తెస్తుందండి. వాలిన వైపు చెక్క నొక్కుకుపోయి ఉంటుంది, వెనక వైపు నార బిగిసి లాగుతూ ఉంటుంది. మామూలు చెట్టులా ముందు గాటు పెట్టి వెనక నుంచి కోస్తూ వస్తే, కోత పూర్తి కాకముందే బరువు ముందుకు లాగి మాను నిలువునా చీలుతుంది. పూతలపట్టు దగ్గర ఒక నీలగిరి చెట్టు అలా చీలడం కళ్లారా చూశాను. కోత పైన సన్నని గీత ఒకటి కనిపించింది. అదేమిటో అర్థమయ్యేలోపే మాను వెనక సగం పైకి లేచి వెనక్కి తన్నింది. కోసేవాడు పక్కకు నిలబడి ఉన్నాడు కాబట్టి బతికాడు.

అందుకే కోసే క్రమం మార్చాలి. ముందు వాలిన వైపు గాటు పెట్టండి. లోతు మాను మందంలో నాలుగో వంతు దాటితే బరువుకు బ్లేడు బిగుసుకుపోతుంది. గాటు నోరు మాత్రం 70 డిగ్రీల దాకా తెరిచి ఉండాలి. దాని వెనక మందంలో పదో వంతు చెక్కను, అంటే 40 సెంటీమీటర్ల మానుకు 4 సెంటీమీటర్లు, తెగకుండా వదలాలి. తలుపుకు బందు ఎలాగో పడే చెట్టుకు ఆ చెక్క అలాగ. ఇప్పుడు బ్లేడును ఆ బందుకు వెనకగా, మాను పక్క నుంచి లోపలికి గుచ్చాలి. బ్లేడు కొన కింది భాగంతో మొదలుపెట్టి, కొన కాస్త దిగాక నేరుగా తోయాలి. కొన పైభాగం చెక్కకు తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. బ్లేడు అవతలికి వచ్చాక వెనక్కి కోసుకుంటూ పోయి, చివర్లో తెగని చెక్కను ఒక పట్టీలా వదిలి ఆపండి. ముందు బందు, వెనక పట్టీ పట్టుకుని ఉంటాయి కాబట్టి చెట్టు ఇంకా నిలబడే ఉంటుంది. అప్పుడు మిషన్ బయటికి తీసి చుట్టూ చూసుకోండి. దగ్గర్లో ఎవరూ లేరనుకున్నాకే, పక్కకు నిలబడి, గుచ్చి కోసిన కోతకు కాస్త కిందగా ఆ పట్టీని బయటి నుంచి తెంచండి. చెట్టు ఒక్కసారిగా వెళ్తుంది. మీరూ వెంటనే వెనక్కి ఏటవాలుగా వెళ్లిపోవాలి, ఆ దారిలో కంపా రాళ్లూ ముందే తీసి ఉంచుకోవాలి. మిగిలినవాళ్లు చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి.

గుచ్చి కోయడం కొత్త చేతికి అబ్బదు. కదలకుండా ఆనించిన దుంగ మీద బాగా సాధన చేయండి. లుంగీతో, చెప్పులతో మాత్రం మిషన్ ముట్టుకోవద్దు.

వానలకు వాలిందన్నారు కాబట్టి వేర్లు తప్పక చూడండి. 2021 నవంబరు వానల తర్వాత మా వైపు వాలిన చెట్లకు వెనక వేర్లు మట్టిపెళ్లతో సహా లేచి కనిపించాయి. మాను తెగి బరువు పోగానే ఆ పెళ్ల మొద్దుతో సహా గుంటలోకి తిరిగి కూలబడుతుంది. ఆ గుంటలో ఎవరూ దిగకూడదు.

చెట్టు కరెంటు తీగల వైపు వాలి ఉంటే మిషన్ తీయకండి, 1912కు ఫోను చేసి సరఫరా ఆపించాలి. సొంత పొలమైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి అవసరం, అటవీ శాఖ వారిని ముందే అడగండి.

గొడ్డలి మడమతో మాను చుట్టూ కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే బందు నిలవదు, ఈ పద్ధతి పనికిరాదు. అలాంటి చెట్టును పైనుంచి కొమ్మలు దించుతూ కోసే పనివాళ్లకే అప్పగించండి. గట్టిగా ఉంటే మాను చుట్టుకొలత, వేర్ల దగ్గరి ఫొటో పెట్టండి, పట్టీ ఎంత మందం ఉంచాలో చూసి చెబుతాను.