మేనమామల సొమ్ము, కంపెనీ వాటాలు

ప్రశ్న: చిరుధాన్యాల అల్పాహారాలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని నిరుడు స్థాపించాము. మేనమామలు, స్నేహితులు కలిసి 30 లక్షలు ఇస్తామంటున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామని వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటిస్తే మరింత వస్తుందని తోటి డైరెక్టర్ అంటున్నారు. అది సరైనదేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ ప్రకటన దయచేసి ఇవ్వకండి. వడ్డీతో తిరిగి ఇస్తామని ప్రజల నుంచి సేకరించే సొమ్మును చట్టం డిపాజిట్‌గా చూస్తుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టంలో జైలుశిక్ష కూడా ఉంది.

మీవాళ్లకు వాటాలు ఇవ్వదలిస్తే 2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షన్ మార్గం చూపుతుంది. ముందే గుర్తించినవారికి పేరుపేరునా ఆఫర్ లేఖ ఇవ్వాలి. బహిరంగ ప్రచారం కూడదు. మామయ్య ప్రేమతో నోట్ల కట్ట చేతిలో పెట్టినా పుచ్చుకోకుండా, ఆయన బ్యాంకు ఖాతా నుంచే కంపెనీ ప్రత్యేక ఖాతాకు పంపమనండి. 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. లేదంటే తర్వాతి 15 రోజుల్లో సొమ్ము తిరిగి ఇవ్వాలి, ఆ గడువూ దాటితే 12 శాతం వడ్డీ చెల్లించాలి. కేటాయింపు పూర్తిచేసి, ఆ వివరాలను కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేసేదాకా అందులో ఒక్క రూపాయి కూడా వాడకూడదు.

చట్టం సంగతి అలా ఉంచి, నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ఆ సొమ్ములో ఎవరి పదవీ విరమణ డబ్బయినా ఉందేమో అడగండి. వ్యాపారం నిలవకపోతే అసలు కూడా రాదనీ, ప్రైవేట్ కంపెనీ వాటాలను కోరినప్పుడు అమ్ముకోవడం కష్టమనీ తెలుగులో రాసి, చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి వారం గడువిచ్చిన తర్వాతే సంతకం తీసుకోండి.