రైలెక్కిన పత్రికలు

ప్రశ్న: మా తాతగారు వాల్తేరు రైల్వేలో పనిచేసేవారు. అమెరికాలో నల్లజాతివారి పత్రికలను రైల్వే సిబ్బందే ఊరూరికీ చేరవేసేవారని ఆయన చెప్పేవారు. ఇది నిజమేనా? అన్ని పెద్ద దినపత్రికలు ఉండగా వారికి వేరే పత్రికలెందుకు?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజమే. రాబర్ట్ అబ్బాట్ అనే నల్లజాతీయుడు 1905లో 25 సెంట్ల పెట్టుబడితో (ఆ కాలానికి కూడా అది చిల్లర డబ్బే) 300 ప్రతులు అచ్చువేయించి ‘షికాగో డిఫెండర్’ను ప్రారంభించారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారిపై జరిగే మూకహత్యలను దాపరికం లేకుండా రాసే ఈ పత్రికను అక్కడ కొన్ని ఊళ్ళలో అమ్మనిచ్చేవారు కాదు. అందువల్ల పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీలలో ప్రయాణికులకు సేవలందించే నల్లజాతి పోర్టర్లు కట్టలను తమ వెంట తీసుకువెళ్ళి, దారిలో నమ్మకమైనవారికి అందజేసేవారు. మంగలి దుకాణాలలోనూ చర్చిలలోనూ చదువు వచ్చినవారు పైకి చదువుతుంటే రానివారు వినేవారు. కనుక అమ్ముడైన ప్రతులను బట్టి పాఠకుల సంఖ్యను లెక్కకట్టడం సరికాదు. ఉత్తరాది నగరాలలోని ఉద్యోగాల ప్రకటనలు, అక్కడ స్థిరపడినవారి కబుర్లు చదివి ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచి షికాగో రైలెక్కాయి. 1917 మే 15ను అందరూ తరలిరావలసిన రోజుగా ఆ పత్రికే ప్రకటించింది.

ఇక మీ రెండవ ప్రశ్న. పెద్ద పత్రికలలో నల్లజాతివారి పేరు సాధారణంగా నేరవార్తలలోనే కనిపించేది. వారి పెళ్ళిళ్ళకు, చదువులకు, మరణాలకు చోటుండేది కాదు. తమ తరఫున ఇతరులు మాట్లాడింది చాలునని, తమ వాదన తామే వినిపిస్తామని 1827లో న్యూయార్క్‌లో వెలువడిన తొలి నల్లజాతి పత్రిక ‘ఫ్రీడమ్స్ జర్నల్’ మొదటి సంచికలోనే రాసింది. అలా మాట్లాడినందుకు మూల్యమూ చెల్లించవలసి వచ్చింది: మూకహత్యలను ఖండించిన నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పత్రిక కార్యాలయాన్ని 1892లో మెంఫిస్‌లో ఆమె ఊళ్ళో లేని సమయంలో ధ్వంసం చేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మరో నల్లజాతి పత్రిక ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ యుద్ధరంగంలో ఫాసిజంపైనా స్వదేశంలో వర్ణవివక్షపైనా జంట విజయం కావాలని ఉద్యమం నడిపింది.

1960ల తరువాత పెద్ద పత్రికలు నల్లజాతి విలేకరులను చేర్చుకోవడంతో నల్లజాతి పత్రికల పాఠకులు తగ్గారని అంటారు. అది కొంతవరకే నిజమని నా అభిప్రాయం. అనుభవజ్ఞులైన విలేకరులను పోగొట్టుకోవడమూ, ప్రకటనల ఆదాయం పడిపోవడమూ అంతే దెబ్బతీశాయి. ‘డిఫెండర్’ 2019లో అచ్చు ఆపి ఇంటర్నెట్‌కు మారింది. 1884లో పుట్టిన ‘ఫిలడెల్ఫియా ట్రిబ్యూన్’ మాత్రం ఇప్పటికీ వెలువడుతోంది.