టెంకాయ చెట్టు నీడ చూసుకున్నాకే సోలార్

ప్రశ్న: మాది తిరుపతిలో సొంత ఇల్లు. మామూలుగా నెలకు 160 యూనిట్లు, ఎండాకాలం ఏసీతో 280 దాకా కాలుతుంది. సోలార్ కంపెనీ అబ్బాయి 5 కిలోవాట్లు వేయించుకోమంటున్నాడు. పక్కింటివాళ్లకు సోలార్ ఉన్నా కరెంటు పోతే వాళ్లింట్లోనూ చీకటే. మోసపోతామేమోనని టెన్షన్‌గా ఉంది. మీటరు చనిపోయిన మా మామగారి పేరు మీదే ఉంది. దక్షిణం వైపు ఎదురింటి టెంకాయ చెట్టు ఉంది కానీ, మొన్న మే నెలలో చూస్తే నీడ మా మిద్దె మీదికి రాలేదు.
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ చెట్టు సంగతి చూడండి. మన ఊళ్లో మే నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, అందుకే మీకు నీడ కనబడలేదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు కదా, అప్పుడు మిద్దెకంటే 20 అడుగులు ఎత్తున్న చెట్టుకు మధ్యాహ్నం 12కే 15 అడుగుల నీడ ఉంటుంది, పొద్దున 9కి దానికి రెట్టింపు. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద టెంకాయ మట్ట నీడ పడినా మిగతావాటి దిగుబడి కూడా పడిపోవచ్చు. కాబట్టి ప్యానెళ్లను మిద్దెకు ఉత్తరం కొసన పెట్టించండి, నీళ్ల ట్యాంకు, మెట్ల గది నీడ కూడా తగలకుండా. ఇంకా అనుమానంగా ఉంటే సంక్రాంతి ముందు ఒకరోజు 9కి, 12కి, 3కి నీడ అంచున ముగ్గుపిండితో గీత గీసి చూసుకోండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

5 కిలోవాట్లు మీకు అక్కర్లేదు. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే 2 కిలోవాట్లకు నెలకు 240. మీరు వాడగా మిగిలింది లైనులోకి పోయి నెట్ మీటరులో లెక్కకొస్తుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3కి 78 వేలు సబ్సిడీ. ఆపైన ఎంత పెట్టినా అదే 78 వేలు. అదీ మీటరు బిగించి తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, కాబట్టి ముందు మొత్తం మీరే సర్దుకోవాలి. ఇంకో ఏసీ కొనే ఆలోచన ఉంటేనే 3కి వెళ్లండి.

పక్కింటివాళ్లది మోసం కాదమ్మా. కరెంటు పోతే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ కూడా దానంతటదే ఆగిపోవాలి, లేదంటే మన మిద్దె మీది కరెంటు లైనులోకి పోయి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. కోతల్లోనూ ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ వేయించుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది మరి.

ప్యానెళ్లు కడగడం మాత్రం తెల్లవారుజామునే, గాజు చల్లగా ఉన్నప్పుడు. మా మిద్దె మీద బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే ఉప్పు తెల్లగా పొరకట్టి, గీకినా వదల్లేదు, నాకు చాలా బాధేసింది.

రేపే కరెంటాఫీసుకు వెళ్లి మీటరు మీ పేరుకు మార్పించుకోండి. సోలార్ దరఖాస్తు బిల్లు మీదున్న పేరుతోనే పెట్టాలి, ఆ పని కాకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.