మాట మానేసిన భర్త, మధ్యలో నలుగుతున్న కూతురు

ప్రశ్న: నా వయసు 37. పుట్టిల్లు పాతపట్నం, అత్తవారిల్లు సరిహద్దుకు అవతల ఒడిశాలోని పర్లాకిమిడి. పెళ్లయి పద్నాలుగేళ్లయింది. మావారికి హార్డ్‌వేర్ షాపు ఉంది. చెడు అలవాట్లు లేవు, చేయి చేసుకోరు, ఇంటి ఖర్చుకు లోటు చేయరు. కానీ మాట పట్టింపు వస్తే చాలు, మాట్లాడడం మానేస్తారు. మొదట్లో రెండు మూడు రోజులుండేది, తర్వాత వారాలకు పెరిగింది. దసరాకు ముందు, గుణుపురంలో ఇల్లు కట్టుకుంటున్న మా ఆడపడుచుకు నాకు చెప్పకుండా 60,000 రూపాయలు ఇచ్చారని ఆవిడ నోటి ద్వారానే తెలిసింది. అత్తగారి ముందే గట్టిగా అడిగేశాను. ఆ రోజు నుంచి, మార్గశిరం వచ్చినా, నాతో ఒక్క మాట లేదు. లక్ష్మివారం పూజకు కూడా పక్కన కూర్చుని మౌనంగా లేచి వెళ్లిపోయారు. షాపుకు వచ్చినవాళ్లతో మాత్రం ఒడియాలో నవ్వుతూ గంటలు గడుపుతారు. ఏం కావాలన్నా మా పన్నెండేళ్ల అమ్మాయి చేత చెప్పిస్తారు, నేనూ దాని చేతే జవాబు చెప్పిస్తున్నాను. ఈ మధ్య దానికి బడికి వెళ్లే వేళకు కడుపునొప్పి వస్తోంది. డాక్టరు గారు చూసి ఏమీ లేదన్నారు. ‘వీళ్ల నాన్న ఆరేసి నెలలు మాట్లాడేవారు కాదు, నేను సర్దుకుపోలేదా’ అంటారు అత్తగారు. ప్రతిసారీ క్షమాపణ అడిగి మాట కలుపుకున్నది నేనే. ఈసారీ నేనే అడగాలా? లేక అమ్మాయిని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలా?

సమాధానం: మీరు చివర అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే వాటికన్నా ముందు చూడవలసిన సంగతిని మీరు రెండు మూడు వాక్యాలలో చెప్పి దాటిపోయారు. అది మీ అమ్మాయి కడుపునొప్పి.

భార్యాభర్తల మధ్య ఉద్రిక్తత భరించలేనంతగా పెరిగినప్పుడు వారు తమకు తెలియకుండానే మూడో మనిషిని మధ్యలోకి తెచ్చుకుంటారని, ఆ మూడో మనిషి చాలా ఇళ్లలో బిడ్డే అవుతుందని కుటుంబ చికిత్సకు పునాదులు వేసినవారిలో ఒకరైన అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ వివరించాడు. ‘భోజనానికి రమ్మని నాన్నకు చెప్పు’, ‘రాత్రి ఆలస్యమవుతుందని అమ్మకు చెప్పు’ అన్నవి పైకి చిన్న పనులుగానే కనిపిస్తాయి. కానీ పన్నెండేళ్ల పిల్ల ఆ మాటలను మోసుకెళ్లేటప్పుడు వాటితో పాటు ఇద్దరి ముఖాలనూ చదువుతుంది, ఏ మాట ఎలా చెబితే గొడవ పెరగదో లెక్క వేసుకుంటుంది, ఒకరికి దగ్గరైతే మరొకరికి ద్రోహం చేసినట్టవుతుందేమోనని భయపడుతుంది. డాక్టరు గారికి ఏమీ కనిపించలేదంటే అమ్మాయి నటిస్తోందని అర్థం కాదు. ఆందోళన జీర్ణవ్యవస్థ మీద నిజంగానే పనిచేస్తుంది, ఆ నొప్పి నిజమైన నొప్పే. ఉదయం బడికి బయలుదేరే వేళకే రావడం కూడా పిల్లల డాక్టర్లు తరచుగా చూసే విషయమే. బడిలో మరేదైనా ఇబ్బంది ఉందేమో నెమ్మదిగా అడగండి. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి వంటివి ఉంటే మాత్రం మళ్లీ డాక్టరుకు చూపించవలసిందే.

కాబట్టి మీ భర్త మారేదాకా ఆగకుండా, ఈ పూట నుంచే మీరు ఒక్కరే చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ జవాబులను అమ్మాయి చేత పంపడం ఆపండి. ‘నేను చెప్పనని నాన్నతో అను’ అని పిల్లకు నేర్పకండి, అది ఆమెను తండ్రికి ఎదురు నిలబెట్టడమే అవుతుంది. ఆయన ‘అమ్మకు చెప్పు’ అన్నప్పుడు మీరే మామూలు గొంతుతో ‘విన్నానండీ, రాత్రికి అన్నం ఉంచుతాను’ అని నేరుగా ఆయనకే జవాబివ్వండి. ఆయన తిరిగి మాట్లాడకపోయినా పరవాలేదు, రాయబారం మోసే అవసరం పిల్లకు తప్పుతుంది. అమ్మాయి ఒంటరిగా ఉన్నప్పుడు, ‘నాన్నకూ నాకూ డబ్బు విషయంలో మాటా మాటా వచ్చింది, అది నీ వల్ల రాలేదు, నువ్వు సర్దవలసిన పనీ లేదు, మేమిద్దరమే తేల్చుకుంటాం’ అని ఒకసారి స్పష్టంగా చెప్పండి. అంతకు మించి తండ్రి తప్పొప్పుల చిట్టా ఆమె ముందు విప్పవద్దు.

ఇక మీ భర్త మౌనం. దీనిని ఒకే ముద్దగా చూడకుండా రెండుగా విడదీసి చూడాలి. దంపతుల గొడవలను దశాబ్దాల పాటు ప్రయోగశాలలో గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, వాదన మధ్యలో రాయిలా బిగుసుకుపోయే మనిషి లోపల నిమ్మళంగా ఏమీ ఉండడని గుర్తించాడు. ఆ సమయంలో గుండె నిమిషానికి 100 సార్లకు పైగా కొట్టుకుంటూ ఉండవచ్చు, అటువంటి స్థితిలో ఎదుటివారి మాట సరిగా చెవికెక్కదు, శరీరం తిరిగి కుదుటపడడానికి కనీసం 20 నిమిషాలైనా పడుతుంది. ఇలా బిగుసుకుపోయేవారిలో మగవారే ఎక్కువని కూడా ఆయన చూశాడు. ఈ లెక్కన గొడవ జరిగిన రాత్రి ఆయన నోరు విప్పకపోవడాన్ని నిర్లక్ష్యమనుకోనక్కర లేదు. అది తట్టుకోలేక పక్కకు తప్పుకోవడం కావచ్చు.

అయితే దసరా నుంచి మార్గశిరం దాకా సాగిన మౌనాన్ని గుండె వేగంతో సమర్థించలేము. మీ ఉత్తరాన్ని బట్టి నాకు తోస్తున్నది ఇది: దాచిన సంగతి బయటపడింది, అదీ కన్నతల్లి ముందు బయటపడింది. ఆ సిగ్గును ఒప్పుకోవడం కన్నా మీ గొంతు పెరిగిందన్న కోపాన్ని పట్టుకుని కూర్చోవడం ఆయనకు సులువైంది. ఇంట్లో మగవాడికి కోపం వస్తే ఎలా ఉంటాడో ఆయన చిన్నప్పుడు తండ్రిని చూసి నేర్చుకున్నారు. ఆ పాఠం తప్పని చెప్పేవారూ ఎవరూ లేకపోయారు. మూడోది మీకు కష్టంగా తోచవచ్చు. మౌనం వహించిన ప్రతిసారీ చివరకు మీరే వచ్చి క్షమాపణ అడిగారు, అడగ్గానే గొడవకు మూలమైన విషయం అక్కడితో మూసుకుపోయింది. ఫలితమిచ్చిన పద్ధతిని మనిషి వదులుకోడు. ఇది మీ తప్పని అనడం లేదు, ఇంట్లో పిల్ల ఉన్న ఏ తల్లయినా ఆ పనే చేస్తుంది. కానీ ఆయన మౌనం రోజుల నుంచి వారాలకు ఎలా పెరిగిందో దీని వల్ల అర్థమవుతుంది.

ఆయన తప్పుకున్నకొద్దీ మీరు వెంటపడి అడుగుతారు, మీరు అడిగినకొద్దీ ఆయన ఇంకా దూరం జరుగుతారు. ఈ చక్రంలో ఉన్న దంపతులను విడివిడిగా అడిగితే ఇద్దరూ నిజమే చెబుతారు, కాకపోతే కథను వేర్వేరు చోట్ల మొదలుపెడతారు. మీ కథ ఆయన దాచిన డబ్బుతో మొదలవుతుంది, ఆయన కథ అమ్మ ముందు మీరు వేసిన కేకతో మొదలవుతుంది. ఎవరి కథ ముందుదో తేల్చే ప్రయత్నం పెట్టుకోకండి, పద్నాలుగేళ్ల సంసారంలో అది ఎవరూ తేల్చలేరు.

షాపులో ఆయన నవ్వులు వింటే మీకు మరింత కష్టంగా ఉంటుందని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. మేకులూ తాళాలూ కొనడానికి వచ్చిన మనిషితో నవ్వడానికి ఆయన ఏమీ ఒప్పుకోనక్కర లేదు, దేనికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు. మీతో మాట్లాడాలంటే ముందు ఆ 60,000 రూపాయల సంగతి ఎత్తవలసి ఉంటుంది. అందుకే అక్కడ నోరు తెరుచుకుంటుంది, ఇక్కడ తెరుచుకోదు. అక్కడివారి మీద ఉన్న ప్రేమ మీ మీద లేదని దానికి అర్థం చెప్పుకోకండి.

అలాగని మీకు కలిగిన బాధను తక్కువ చేయడం లేదు. సాటి మనుషులు మనల్ని లేనట్టు చూడడం ఎంత లోతుగా తగులుతుందో కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త పరీక్షించి చూశాడు. కంప్యూటరు మీద బంతి విసురుకునే ఆటలో ముక్కూ మొహం తెలియని ఇద్దరు కొద్ది నిమిషాల పాటు బంతి తనకు వేయకపోతేనే మనుషుల మనసు చివుక్కుమంది, తమకు విలువ లేదన్న భావన కలిగింది. ఒకే కప్పు కింద, ఒకే పూజలో పక్కన కూర్చునే మనిషి నెలల తరబడి అలా చేస్తే అది సర్దుకుపోవలసిన చిన్న సంగతి అని మీ అత్తగారు అనడం సరికాదు. ఆవిడ భరించారు, నిజమే. ఆ భరింపు ఆమె కొడుకుకు ఏం నేర్పిందో ఇప్పుడు మీరు చూస్తున్నారు. ఈ మాట ఆవిడతో అనవద్దు, వాదించి ప్రయోజనం లేదు. ‘మీరు చాలా ఓర్చుకున్నారు అత్తయ్యా’ అని ఊరుకోండి.

మీరు క్షమాపణ అడగాలా అన్నదానికి నా జవాబు: సగానికి మాత్రమే అడగండి. తల్లి ముందు గొంతు పెంచినందుకు చెప్పడం న్యాయం. డబ్బు సంగతి అడిగినందుకు మాత్రం చెప్పకండి. ఈ రెండూ కలిపి ‘నాదే తప్పు, మాట్లాడండి’ అని ఈసారి కూడా ముగించేస్తే అసలు విషయం మళ్లీ మూలన పడుతుంది.

ఎప్పుడు, ఎలా అన్నది కూడా ముఖ్యమే. పూజ వేళ, భోజనం వేళ, షాపు కట్టేసి అలసిపోయి వచ్చిన వెంటనే వద్దు. షాపుకు సెలవున్న రోజున, అత్తగారూ అమ్మాయీ ఎదురుగా లేనప్పుడు మాట్లాడండి. కొందరు మగవారికి ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలదు, పక్కపక్కన నడుస్తూ ఉంటే మాట్లాడగలుగుతారు. ఆయనా అటువంటివారే అనిపిస్తే సాయంత్రం అలా బయటికి నడిచి వద్దామని పిలవండి. దానికీ రాకపోతే ఒక పేజీ మించకుండా ఉత్తరం రాసివ్వండి. పాత గొడవలన్నీ అందులో ఎక్కించవద్దు. ఇలా ఉంటే చాలు: ‘అత్తయ్య ముందు మిమ్మల్ని అలా అడిగి ఉండకూడదు, అందుకు బాధపడుతున్నాను. చెల్లెలికి సాయం చేయడం నాకు ఇష్టం లేక అడగలేదు, నాకు చెప్పకుండా చేశారని అడిగాను. కోపం వచ్చినప్పుడు మీకు కొంత సమయం కావాలంటే తీసుకోండి, కానీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పండి. మనిద్దరి మధ్యా తిరిగి అమ్మాయికి కడుపునొప్పి వస్తోంది.’

ఈ మాటల్లో అసలైనది ‘ఎప్పుడు మాట్లాడతారో చెప్పండి’ అన్నదే. ‘ఇప్పుడు నా వల్ల కాదు, రేపు రాత్రి మాట్లాడదాం’ అని చెప్పి తప్పుకున్న మనిషి గొడవను వాయిదా వేశాడు. ఏమీ చెప్పకుండా తప్పుకున్నవాడు, తన ఉద్దేశం ఏదైనా సరే, అవతలివారిని శిక్షిస్తున్నాడు. అందుచేత మౌనంగా ఉండవద్దని ఆయనను కోరకండి, అది ఆయన స్వభావానికి మించిన కోరిక. అరగంటకు తక్కువ కాకుండా, ఒక రోజుకు మించకుండా గడువు పెట్టుకోవాలని మాత్రమే ఒప్పించండి. ఆ గడువు లోపల మీరు మళ్లీ మళ్లీ అడగకూడదు. ఒప్పందంలో మీ వంతు అది, అదీ తేలిక కాదు.

డబ్బు సంగతిని వేరే రోజుకు పెట్టుకోండి. ఇద్దరి వైపు బంధువులకూ ఎంత వరకు ఒకరినొకరు అడగకుండా ఇవ్వవచ్చో, ఎంత దాటితే ముందుగా చెప్పుకోవాలో ఒక మొత్తం అనుకోండి. పాతపట్నంలో మీ పుట్టింటివారికి మీరు ఇచ్చేదానికీ ఆ లెక్కే వర్తించాలి.

పుట్టింటికి వెళ్లడం గురించి. సరిహద్దు దాటితే చాలు, అరగంటలో అమ్మ గుమ్మం ముందుంటారు. దూరమైన సంబంధం చేసుకున్నవారికి లేని ఈ వీలే మీకు ప్రతి గొడవలోనూ వెళ్లిపోవాలన్న ఆలోచన తెప్పిస్తోంది. రెండు రోజులు ఊపిరి పీల్చుకోవాలనిపిస్తే వెళ్లండి, కానీ ఏ రోజు తిరిగి వస్తారో ఆయనకు నేరుగా చెప్పి వెళ్లండి. చెప్పకుండా వెళితే ఆయన నోటితో చేస్తున్నదే మీరు కాళ్లతో చేసినట్టవుతుంది. బడి మాన్పించి అమ్మాయిని తీసుకెళ్లవద్దు.

ఇదంతా మీరు రాసినట్టు ఆయన ఇంటి ఖర్చుకు లోటు చేయని, చేయి చేసుకోని మనిషి అన్న ఆధారం మీద చెబుతున్నాను. ఖర్చుకు డబ్బు ఆపడం, పుట్టింటివారితో మాట్లాడనివ్వకపోవడం, బెదిరించడం వంటివి ఉంటే లేదా మొదలైతే సంగతి మారిపోతుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం దెబ్బలతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే హింసను కూడా హింసగానే చూస్తుంది. అప్పుడు 181 నంబరుకు ఫోన్ చేసి మహిళా సహాయ కేంద్రాన్ని అడగాలి.

మాట కలపడానికి ప్రయత్నించి రెండు నెలలు గడిచినా ఆయన కదలకపోతే, ఇద్దరూ గౌరవించే ఒక్క పెద్దమనిషిని మాత్రమే మధ్యవర్తిగా పిలవండి. పదిమందిని కూర్చోబెట్టే పంచాయితీ వద్దు, పదిమందిలో పరువు పోయిందనుకుంటే ఆయన మరింత బిగుసుకుంటారు. ఈలోగా మీకు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి సాగితే ఆయన మాట కోసం ఆగకుండా మీరు సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతానని చెప్పండి. కౌన్సెలర్ దగ్గరికి భర్త రానంటే మీరు ఒక్కరే వెళ్లవచ్చు. వెళ్లే ముందు ఈ ఏడాది ఎన్నిసార్లు మాటలు ఆగాయో, ఎన్నాళ్లు ఆగాయో, దేనితో మొదలయ్యాయో, అమ్మాయికి నొప్పి వచ్చిన రోజులేవో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.