టెక్ సందేహాలు: తుపాకీలోనే తాళం ఉంటే మంచిదేనా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకే మిగతా సందేహాలను పక్కన పెట్టి ఈ మూడింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న (ఆదోని నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి జింకల వేట కోసం పాత రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నాడు. దాని బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) వెనుక చిన్న తాళం రంధ్రం ఉందట. అమ్మిన మనిషే “దీన్ని తీయించేయండి, ఇక్కడ ఎవరూ ఉంచుకోరు” అన్నాడట. ఇంట్లో ఆరేళ్ల మనవడు ఉన్నాడు. ఉన్న తాళాన్ని తీసేయమనడం ఏమి న్యాయం?

జవాబు: మీ భయం సహేతుకమైనదే, కానీ ఇక్కడ రెండు వస్తువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. సేఫ్టీ వేరు, తాళం వేరు. వేటగాడు తుపాకీ చేతపట్టి నడుస్తున్నంత సేపు ట్రిగ్గర్ పని చేయకుండా ఆపి, గురి కుదిరినప్పుడు బొటనవేలితో క్షణంలో తీయగలిగే చిన్న మీట సేఫ్టీ. మనం సీమలో బీగం అనే తాళం పని అది కాదు. యజమాని దగ్గర లేనప్పుడు తుపాకీని మరొకరు పేల్చకుండా చూడడమే దాని పని. మీ అబ్బాయి చూసిన రంధ్రం తాళానిదే. 2000వ సంవత్సరం ప్రాంతంలో రెమింగ్టన్ కంపెనీ తన రైఫిళ్ల బోల్ట్ వెనుక తొడుగులో ఈ తాళాన్ని అమర్చింది. ప్రత్యేకమైన చెవితో తిప్పితే, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ బిగుసుకుపోయి రైఫిల్ పేలదు. వాడుకలో దీనికి జే-లాక్ అని పేరు పడింది. యజమానులకు అది నచ్చలేదు. చాలామంది తాళం లేని తొడుగును విడిగా కొని మార్చుకున్నారు, కొన్నేళ్లకు కంపెనీ కూడా దాన్ని మానేసింది.

వాళ్లకు ఎందుకు నచ్చలేదన్నది ఓపికగా వినదగిన విషయం. తూటాను కొట్టే పిన్ను దగ్గరే అదనంగా ఒక చిన్న భాగాన్ని చేరిస్తే, దుమ్ము చేరినా, తుప్పు పట్టినా, తాళం సగమే తిరిగినా, అవసరమైన క్షణంలో తుపాకీ మొరాయిస్తుందన్నది వారి మొదటి మాట. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో ఆ మొరాయింపు ప్రాణం మీదికి రావచ్చు. ఇంతకు ముందు తగిలిన దెబ్బ కూడా వారికి గుర్తుంది. 1980ల్లో మార్లిన్ కంపెనీ, 1992లో వించెస్టర్ కంపెనీ తమ లీవర్ రైఫిళ్లకు (ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందికి లాగి తూటా ఎక్కించే రకానికి) అడ్డంగా తోసే సేఫ్టీ బటన్‌ను కలిపాయి. ఆ బటన్ తీయడం మరచిపోయిన వేటగాడికి సుత్తి పడిన చప్పుడు వినిపించేది గానీ తూటా పేలేది కాదు, జింక వెళ్లిపోయేది.

రెండో కారణం నమ్మకానికి సంబంధించినది. 2000 మార్చిలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, తన చేతి తుపాకుల్లో లోపలి తాళాలు అమర్చడానికి అంగీకరించింది. కొనుగోలుదారులు ఆ కంపెనీని బహిష్కరించినంత పని చేశారు. మరుసటి ఏడాదే అది చేతులు మారింది. అప్పటి నుంచి తుపాకీ మీద కనిపించే తాళం రంధ్రం వారికి భద్రత గుర్తుగా కాక, ప్రభుత్వానికి లొంగిపోయిన గుర్తుగా కనిపిస్తోంది. ఈ రెండో కారణాన్ని నేను అంత బరువైనదిగా తీసుకోను. ఎవరు పెట్టమన్నారన్నదాన్ని బట్టి ఒక పరికరం మంచిదీ చెడ్డదీ కాదు. మొదటి కారణం మాత్రం సాంకేతికంగా సరైనదని నా అభిప్రాయం. పేల్చే యంత్రాంగంలోనే దాచే తాళాన్ని ఇరికించకూడదు.

ఇక మీ అబ్బాయికి చెప్పవలసిన అసలు మాట తాళం గురించి కాదు, ట్రిగ్గర్ గురించి. 1962లో వచ్చిన ఈ రైఫిల్ పాత ట్రిగ్గర్ మీద, వేలు తగలకుండానే పేలుతోందని ఏళ్ల తరబడి ఫిర్యాదులు, దావాలు నడిచాయి. లోపం లేదని కంపెనీ వాదించింది. పైగా 1982కు ముందు తయారైన వాటిలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు కాబట్టి, తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీయవలసి వచ్చేది. 2000లో మాంటానా రాష్ట్రంలో, వేట ముగించుకుని రైఫిల్ ఖాళీ చేస్తున్న ఒక తల్లి సేఫ్టీ తీయగానే తుపాకీ పేలి, ఆమె తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. ఆ సంగతి చదివినప్పటి నుంచి, సేఫ్టీ ఉంది కదా అన్న ధీమా నాకు ఎవరి మాటలో వినిపించినా మనసు కలుక్కుమంటుంది. 2006 నుంచి 2014 వరకు చేసిన కొత్త ట్రిగ్గర్లను సైతం కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. కాబట్టి తొడుగు మార్చాలా వద్దా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు. ముందు తుపాకులు బాగుచేసే ఒక మంచి గన్‌స్మిత్‌తో ట్రిగ్గర్‌ను పరీక్ష చేయించమనండి. జే-లాక్ కాలపు రైఫిల్‌లో సేఫ్టీ వేసి ఉంచే బోల్ట్ తెరవవచ్చు గనుక, ఖాళీ చేసేటప్పుడు గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి అలాగే చేయమనండి.

మనవడి విషయానికి వస్తే, లోపలి తాళం ఉన్నా లేకపోయినా బయటి తాళం తప్పనిసరి. తూటాలు నింపిన తుపాకీ యజమాని నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్ చట్టం ప్రకారం అది నేరం. దుకాణదారు తుపాకీతో పాటు తాళం ఇవ్వాలన్న 2005 నాటి కేంద్ర చట్టం చేతి తుపాకులకే వర్తిస్తుంది, రైఫిళ్లకు కాదు. అయితే తెరిచిన బోల్ట్ దారిలోంచి దూర్చి బిగించే కేబుల్ తాళాలను అక్కడి చాలా పోలీసు కార్యాలయాల్లో ‘ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్’ కింద ఉచితంగా పంచుతారు. అంతకన్నా తేలికైన పాత పద్ధతి ఇంకొకటి ఉంది. రైఫిల్ నుంచి బోల్ట్‌ను పూర్తిగా బయటికి లాగి, దాన్ని ఒక బీరువాలో, తూటాలను మరొక చోట ఉంచి బీగం వేయడమే.

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి): ఫోన్ మాదిరి వేలిముద్రతో తెరుచుకునే తుపాకీ వస్తే ఈ తగవు తీరిపోదా?

జవాబు: వచ్చింది, కానీ చేతి తుపాకుల్లోనే. 2014లో ఆర్మాటిక్స్ అనే జర్మన్ కంపెనీ, చేతి గడియారం దగ్గరగా ఉంటేనే పేలే పిస్తోలును అమెరికాలో అమ్మబోయింది. 2017లో ఒక హ్యాకర్ దాదాపు పదిహేను డాలర్ల అయస్కాంతాలను పక్కన పెట్టి, గడియారం లేకుండానే దాన్ని పేల్చి చూపించాడు. వేలిముద్రనూ ముఖాన్నీ గుర్తుపట్టే పిస్తోలును బయోఫైర్ అనే కంపెనీ 2023లో ప్రకటించింది. ఇటువంటి తుపాకీ ఒక్కటి మార్కెట్లోకి వస్తే మూడేళ్లలో తమ రాష్ట్రంలో అవే అమ్మాలని న్యూజెర్సీ 2002లో చట్టం చేయడంతో, యజమానులు ఈ సాంకేతికతనే శత్రువుగా చూశారు. 2019లో ఆ నిబంధనను సడలించారు. మన సంగతి మీకే తెలుసు. శెనక్కాయ చెట్లు పీకీ పీకీ అరిగిపోయిన వేళ్లను రేషన్ దుకాణంలోని యంత్రం గుర్తుపట్టక, పెద్దవాళ్లు నాలుగైదు సార్లు వేలు పెట్టి చూస్తుంటారు. అదే వేలు రాత్రిపూట, చెమటతో, మట్టితో తుపాకీ మీద పెడితే ఏమవుతుందో మీరు ప్రాజెక్టుగా చేసి చూడదగిన ప్రశ్న.

ప్రశ్న (కడప జిల్లా నుంచి ఒక రైతు): అడవిపందుల బెడదకు పంట కాపలా కోసం మా నాయన కాలం నుంచి లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. దీనికి లోపల తాళం పెట్టించవచ్చా?

జవాబు: పెట్టించకండి. మన దేశంలో తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి, ఊరి లేతు మెషీన్ దగ్గర రంధ్రం వేయిస్తే మీరూ ఆ పనివాడూ ఇద్దరూ చిక్కుల్లో పడతారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని చంపే హక్కు రాదనీ, వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరుగా ఉండాలనీ గుర్తుంచుకోండి. మీ తుపాకీకి తయారీలోనే ఒక సౌకర్యం ఉంది. గొట్టాల కింద ఉండే ముందు చెక్కను ఊడదీస్తే గొట్టాలు ఒకటి, మడమ చెక్కతో ఉన్న యంత్రాంగం ఒకటి, ముందు చెక్క ఒకటిగా మూడు భాగాలవుతాయి. గొట్టాలను ఒక బీరువాలో, మిగతావి మరొక దానిలో పెట్టండి. ట్రిగ్గర్ మీద బిగించే తాళం కొంటే, తూటాలు ఉన్న తుపాకీకి దాన్ని ఎన్నడూ తగిలించవద్దు. బిగించేటప్పుడే ట్రిగ్గర్ నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్‌లో తుపాకీ అప్పగించవలసి వస్తే, తాళం తీసి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని అక్కడివారికి చూపించి, రసీదులో తుపాకీ నంబరు సరిగా రాశారో లేదో చూసుకుని రండి.