అనుభవం లేకుండా మొదటి వెబ్ డెవలపర్ ఉద్యోగం: ఇంకో కోర్సు చేయాలా?

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్ నేర్చుకున్నానని, వీడియోలు చూస్తూ చేసిన ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురికీ చూపించే సైట్) ఉన్నాయని, ఎక్కడ అప్లై చేసినా అనుభవం లేదంటున్నారని రాశారు. ఇంకో కోర్సులో చేరాలా అన్నది మీ ప్రశ్న. వద్దండీ. మీరు రాసిన కోడ్‌ను రోజూ వాడే మనిషి ఒకరు మీకు ఇప్పుడు కావాలి. ఒక్కరు చాలు.

నేనూ కంప్యూటర్ సైన్స్ చదవకుండానే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మా టీమ్‌లోకి జూనియర్లను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు నేనూ చూస్తాను. టు-డూ లిస్టు, వాతావరణం చూపించే యాప్, కాలిక్యులేటర్ వరసగా కనిపిస్తే అవి పాఠాల్లోవని వెంటనే తెలిసిపోతుంది. నేర్చుకోవడానికి అవి మంచివే. కాకపోతే వాటిని ఎవరూ వాడరు, కాబట్టి వాటిలో ఏదీ చెడిపోదు. చెడిపోయినప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడు అన్నదే మాకు తెలియాల్సింది.

నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది చాలా చిన్న పని. తెలిసినవాళ్లు నడిపే ఒక చిన్న గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నోటుబుక్కులో రాసుకునేవారు. దాన్ని వెబ్‌లోకి మారుస్తానని నేనే అడిగాను. పుస్తకాల జాబితా, సభ్యుల పేర్లు, "ఇచ్చాం", "తిరిగొచ్చింది" అనే రెండు బటన్లు, అంతే. నా లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. అక్కడ కూర్చునే ఆవిడ తన పాత ఫోన్‌లో, నెట్ నత్తనడక నడుస్తున్నప్పుడు "ఇచ్చాం" నొక్కారు. స్క్రీన్ మీద ఏమీ మారలేదు. మళ్లీ నొక్కారు. ఒకే పుస్తకం రెండుసార్లు ఇచ్చినట్టు నమోదైంది.

జవాబు వచ్చేదాకా బటన్ పనిచేయకుండా చేసి, "నమోదవుతోంది" అని చూపించడం మొదటి మందు. మరి ఇద్దరు రెండు ఫోన్ల నుంచి ఒకేసారి నొక్కితే? బ్రౌజర్‌లో ఎంత కట్టడి చేసినా అది ఆగదు, డేటాబేస్ దగ్గరే ఆపాలి. నేను వాడింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. ఇంకా తిరిగి రాని పుస్తకానికి ఒక్క నమోదు మాత్రమే ఉండేలా అందులో పార్షియల్ యూనిక్ ఇండెక్స్ అనే కట్టడి పెట్టొచ్చు. అది పెట్టాక రెండో నమోదును డేటాబేసే ఒప్పుకోదు. అప్పుడు సర్వర్ 409 (ఉన్న నమోదుతో పొసగడం లేదని చెప్పే కోడ్) పంపితే, "ఈ పుస్తకం ఇప్పటికే బయట ఉంది" అని ఆవిడకు అర్థమయ్యే మాటల్లో చూపించాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సర్వర్ 404 (దొరకలేదు) పంపినా, 409 పంపినా, 500 (సర్వర్‌లోనే తప్పు) పంపినా, సర్వర్‌ను అడగడానికి వాడే జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా చూడదు. నెట్ తెగిపోవడం లాంటివి జరిగితేనే అది ఇచ్చే ప్రామిస్ రిజెక్ట్ అవుతుంది, అంటే విఫలమైనట్టు లెక్క. రెస్పాన్స్‌లో ఓకే అనే విలువను మనమే చూసుకోవాలి. పాఠాల్లో ఈ ముక్క చెప్పే ఉంటారు, కానీ అవసరం పడ్డాకే అది బుర్రకెక్కుతుంది.

ఇదంతా ప్రాజెక్టుతో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్‌లో మామూలు భాషలో రాసిపెట్టాను: సమస్య ఏమిటి, ఎలా కనబడింది, ఏం చేశాను, ఇంకా ఏం మిగిలింది. ఇంటర్వ్యూలో చాలాసేపు దాని మీదే మాట్లాడారు. "బటన్ ఆపితే సరిపోదా, ఇండెక్స్ ఎందుకు?" అని అడిగితే నాకు బట్టీ పట్టిన సమాధానం అక్కర్లేకపోయింది. ఇంటర్వ్యూ అంటే ఉన్న టెన్షన్ కూడా అక్కడితో చాలావరకు తగ్గింది.

కాబట్టి మీ చుట్టూ చూడండి. ఎవరో ఒకరు కాగితం మీదో ఎక్సెల్‌లోనో తంటాలు పడుతూనే ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని ఆ పని ఎలా చేస్తున్నారో గమనించి, అందులో ఒక్క ముక్క తీసుకోండి. మొదట్లో సైట్లను నెట్‌లో నడిపించే నెట్లిఫై, వెర్సెల్ లాంటి చోట్ల ఉచితంగానే పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: నిజం మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు పబ్లిక్ రిపోలోకి (ఎవరైనా చూడగలిగే కోడ్ నిల్వలోకి) వెళ్లకూడదు. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (వేరే సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) కూడా అంతే. పొరపాటున కమిట్ అయితే, అంటే మార్పుల చరిత్ర దాచే గిట్‌లో నమోదైపోతే, ఫైల్ తీసేసినంత మాత్రాన పోవు, గిట్ చరిత్రలో ఉండిపోతాయి. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. రిపో తెరిచి నేను ముందు చూసేవాటిలో ఇదొకటి.

ఎవరూ దొరక్కపోతే ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి మార్పులు సూచించగల కోడ్) ఉంది. "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అని లేబుల్ వేసిన పనులు గిట్‌హబ్‌లో వెతికితే దొరుకుతాయి. అక్షర దోషాలు సరిదిద్దిన పుల్ రిక్వెస్టులు (మీ మార్పును కలుపుకోమని పంపే అభ్యర్థనలు) పెద్దగా లెక్కలోకి రావు. రివ్యూలో ఎవరైనా తప్పు చూపిస్తే మీరు మర్యాదగా అడిగి, తెలుసుకుని, మార్చిన ఒక్క పుల్ రిక్వెస్ట్ ఉంటే మాత్రం నేను మొదటి నుంచి చివరిదాకా చదువుతాను.

ఏఐతో రాయించుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. వాడండి, కానీ మీ రిపోలో మీరు వివరించలేని లైను ఒక్కటి కూడా ఉండనివ్వకండి. మేం స్క్రీన్ షేర్ చేయించి "ఇక్కడ ఇంకో ఫిల్టర్ పెట్టండి" అంటాం. కోడ్ ఎవరిదో అప్పుడే తేలిపోతుంది.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. నడుస్తున్న సైట్ లింకు పైనే ఉండాలి. పంపే ముందు ఫోన్‌లో తెరిచి చూడండి, ఆ తర్వాత మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కీతోనే ఫారం అంతా నింపి చూడండి. ప్రకటనలో ఒకటి రెండేళ్ల అనుభవం కావాలని ఉన్నా అప్లై చేయండి, మిగతావి సరిపోతే పిలిచేవాళ్లు ఉంటారు. పోర్టల్‌లో బటన్ నొక్కి ఊరుకోకుండా, చిన్న కంపెనీలకు నేరుగా నాలుగు లైన్లు రాయండి: ఏం చేశారు, ఎవరు వాడుతున్నారు, లింకు ఇదీ అని. టెస్టింగ్, టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగం వచ్చినా చిన్నచూపు చూడకండి. లోపలికి వెళ్లాక డెవలప్‌మెంట్‌కు మారినవాళ్లు నాకు తెలుసు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు మీకు కచ్చితంగా తగులుతారు. దయచేసి ఆ దారి పట్టకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరాక కూడా తీసేస్తారు. దొరక్కపోయినా, రెండేళ్ల అనుభవం ఉన్న మనిషిగా మిమ్మల్ని లెక్కేసి పని ఇస్తారు, ఎవరినీ ఏదీ అడగలేక నలిగిపోతారు. జూనియర్‌గా చేరినవాడికి ఎంత చిన్న ప్రశ్న అయినా అడిగే హక్కు ఉంటుంది. దాన్ని చేజేతులా పోగొట్టుకోవద్దు.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు, మీ కోడ్‌ను ఎవరు రివ్యూ చేస్తారో అడగండి. ఫలానా వాళ్లు చూస్తారని చెప్పగలిగిన చోట జీతం కాస్త తక్కువైనా చేరిపొమ్మంటాను. "మీరొక్కరే చూసుకోవాలి" అంటే మాత్రం, ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే దాని వైపే వెళ్లండి.