వేవిళ్లనుకుని వదిలేయకు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో "ఏం లేదు పెద్దమ్మా, కొంచెం నీరసం" అన్నావు. ఆ గొంతు నీరసంది కాదమ్మా. అందుకే రాస్తున్నాను.

ఏఎన్ఎం నర్సుగా 30 ఏళ్లు గర్భిణుల బీపీ, బరువు, రక్తం చూశాను. మనసెలా ఉందని అడగాలని మాత్రం చాలాకాలం తోచలేదు. ఒకమ్మాయి ఏడో నెలలో వచ్చేది. రెండో కాన్పు, మొదట ఆడపిల్ల. సీమంతం గాజుల్ని ఒక్కొక్కటే ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ కూర్చునేది, తల ఎత్తేది కాదు. "ఈసారి మగపిల్లాడే కావాలంటున్నారమ్మా" అంది. "అందరూ అనేదేలే" అని ఐరన్ మాత్రలిచ్చి పంపేశాను. కుర్చీ లాక్కుని ఐదు నిమిషాలు ఆమె దగ్గర కూర్చోవలసింది. ఆ బాధ నాకింకా పోలేదు.

కడుపుతో ఉన్నప్పుడు డిప్రెషన్ రావడం అరుదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన గర్భిణుల్లో నూటికి 10 మందికి మానసిక సమస్య ఉంటుంది, అందులో ఎక్కువ డిప్రెషనే. మనలాంటి దేశాల్లో ఇంకా ఎక్కువ. ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్లకి, గర్భం పోయినవాళ్లకి, ఇంట్లో మాటలూ దెబ్బలూ పడేవాళ్లకి, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి, మనసు విప్పి చెప్పుకోవడానికి మనిషి లేనివాళ్లకి ముప్పు ఎక్కువ. నీకు పోయినేడు గర్భం పోయింది. ఇప్పుడు ఊరుకాని ఊళ్లో ఒక్కదానివే పగలంతా ఉంటున్నావు. ఇందులో నీ తప్పేమీ లేదు తల్లీ.

రెండు వారాలుగా దిగులు తగ్గకపోయినా, ఇష్టమైనవాటి మీదికి మనసు పోకపోయినా, "నేను ఎందుకూ పనికిరాను" అనిపిస్తున్నా డాక్టరుకి చెప్పు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, వాటివల్లా నీరసం వస్తుంది. చాలామందికి కౌన్సెలింగే సరిపోతుంది. మందులు అవసరమైతే గర్భిణులకి ఏవి ఇవ్వవచ్చో డాక్టర్లకి తెలుసు. నీ అంతట నువ్వు మొదలుపెట్టకు, ఆపకు. అర్ధరాత్రి టెన్షన్ పెరిగితే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. అల్లుణ్ణి లేపి వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

శుక్రవారం చెకప్ అన్నావుగా. గురువారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. డాక్టరు గదిలోకి నేనూ వస్తాను. మాట మొదలుపెట్టడం నీకు కష్టమైతే నేను మొదలుపెడతాను.

మీ పెద్దమ్మ